సెన్సార్ వద్దంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

థియేటర్‌లో సినిమా మొదలయ్యే ముందు తెర మీద ఒక సర్టిఫికెట్ పడుతుంది కదా. మనం దాన్ని చూడం, పాప్‌కార్న్ పట్టుకుని సీటు వెతుక్కుంటూ ఉంటాం. ఇవాళ ఆ కాగితం గురించే చెప్తాను.

పుస్తకం రాస్తే అచ్చుకి ముందు ప్రభుత్వానికి చూపించక్కర్లేదు. సినిమా మాత్రం చూపించాలి. ఎందుకిలా అని కె.ఎ. అబ్బాస్ సుప్రీంకోర్టులోనే అడిగారు. 1968లో ఆయన తీసిన చిన్న డాక్యుమెంటరీలో ముంబై రెడ్‌లైట్ ఏరియా దృశ్యాలున్నాయి. బోర్డు 'ఏ' ఇచ్చింది. ప్రభుత్వానికి అప్పీలు చేసుకుంటే, అవి తీసేయండి 'యూ' ఇస్తాం అన్నారు. 1970లో తీర్పొచ్చింది: సెన్సార్ చెల్లుతుంది, ఎందుకంటే మనసు మీద సినిమా ప్రభావం మిగతా కళల కంటే ఎక్కువట. నాకైతే ఈ వాదన ఇప్పటికీ మింగుడుపడదు. నవల చదివి రాత్రంతా నిద్రపోని వాళ్లు లేరా?

కానీ ఆ కేసు వల్ల ఒక మేలు జరిగింది. అప్పీళ్లు ఇక ప్రభుత్వం వినదు, విడిగా ఒక ట్రిబ్యునల్ పెడతాం అని కోర్టులో మాటిచ్చారు. 1980ల్లో అది వచ్చింది. ఇది ఎందుకు ముఖ్యమంటే, బోర్డు సభ్యుల్ని నియమించేది కేంద్రమే. వాళ్లు కాదంటే, వినడానికి ఇంకో చోటు ఉండాలి కదా. 2017లో 'లిప్‌స్టిక్ అండర్ మై బురఖా'కి బోర్డు సర్టిఫికెట్టే ఇవ్వనంది. ట్రిబ్యునల్‌కి వెళ్తే కొన్ని కట్స్‌తో 'ఏ' వచ్చింది, సినిమా రిలీజైంది.

ఆ ట్రిబ్యునల్‌ని 2021 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్‌తో తీసేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టే. పెద్ద బ్యానర్‌కి లాయర్లుంటారు. అప్పు చేసి మొదటి సినిమా తీసిన కుర్రాడి సంగతి? కోర్టు వాయిదాలు తిరిగేలోపు రిలీజ్ డేట్ పోతుంది, వడ్డీ మాత్రం ఆగదు. అందుకే చాలామంది కేసు వేయడం కంటే సీన్ తీసేయడం నయం అనుకుంటారు. ఇలా పోయిన సీన్ గురించి ఏ పేపర్లోనూ వార్త రాదు. నన్నడిగితే నిషేధం కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

2023లో చట్టం మార్చారు. యూఏలో 7, 13, 16 ఏళ్లని విడగొట్టారు, బాగుంది. సర్టిఫికెట్‌కి పదేళ్ల గడువు కూడా తీసేశారు. ట్రిబ్యునల్ మాత్రం తిరిగి రాలేదు.

ఓటీటీకి ఈ బోర్డు లేదు, అక్కడి రూల్స్ వేరే. దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో. ఈలోపు మీకు కోత పడిందనిపించిన సీన్ ఏదైనా ఉంటే కింద రాయండి.