అడుగుకి అరంగుళం
(స్వర్ణోత్సవ సభలో, వీడియో ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

మరి కాసేపట్లో తెర మీద యాభై సెకన్ల వీడియో ఒకటి వేస్తారండి. అందులో కనిపించేది మన పాత పెంకుల బడి. అది పడగొట్టి చాలా ఏళ్లయింది కదా, ఎలా తీశారని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను.

బొమ్మని నిజమని నమ్మించడం మన సినిమాలకి కొత్త కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ద్వారక చూశారుగా! కళాదర్శకులు గోఖలే, కళాధర్ వాహినీ స్టూడియోలో 50 అడుగులకి 60 అడుగుల జాగాలో 300 దాకా చిన్న ఇళ్లు కట్టించి దీపాలు పెట్టిస్తే, మార్కస్ బార్ట్లీ తన కెమెరాతో దాన్ని మహానగరం చేసేశారు. మాకున్నదల్లా ఓ మిత్రుడి పెరడు, వాళ్ల మనవడి అరచేతి కెమెరా.

బడి కట్టడానికి ఆధారం ఒక్క గ్రూపు ఫొటో. అందులో మేమే ఉన్నాం, బడి లేదు. వెనకాల రెండు స్తంభాలు, ఓ తలుపు, అంతే. డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళితే, కళ్లు మూసుకుని కొలతలన్నీ చెప్పారు. అడుగుకి అరంగుళం లెక్కన, అంటే 24వ వంతుకి దించాం. ఏడడుగుల తలుపు మూడున్నర అంగుళాలైంది. గోడలకి అట్ట, వాసాలకి కొబ్బరి ఈనెలు, బాదం చెట్టుకి కొబ్బరి పీచు. కాలవలో మాత్రం నీళ్లు పొయ్యలేదు. బడి చిన్నదైనా నీటి చుక్క చిన్నదవదు, గుట్టు రట్టవుతుంది. అందుకని అద్దం ముక్క పరిచాం.

మొదటిసారి కెమెరా చేత్తో పట్టుకుని తీస్తే అచ్చం సంక్రాంతి బొమ్మల కొలువులా వచ్చింది. పై నుంచి చూస్తే ఏదైనా బొమ్మే. ఆరో తరగతి కుర్రాడి కళ్లు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. మా లెక్కలో రెండంగుళాలు. అంత కిందకి దిగాలంటే కెమెరాని తలకిందులుగా వేలాడదీసి, బొమ్మను తర్వాత తిప్పుకోవాల్సిందే. వెడల్పు చూపు కటకం గనుక దగ్గరున్న గేటూ, దూరంగా ఉన్న గంటా రెండూ స్పష్టంగా పడ్డాయి. అయితే అడుగు కంటే దగ్గరికి వెళితే మసకే. అందుకే మెట్ల ముందు ఆగిపోయాం.

రెండోది వేగం. కొబ్బరికాయ పదహారడుగుల నుంచి పడటానికి ఒక సెకను పడుతుంది. మా బొమ్మ చెట్టు ఎనిమిదంగుళాలు. అక్కడి నుంచి పడటానికి సెకనులో ఐదో వంతు చాలు. అందుకని సెకనుకి 120 ఫ్రేములు తీసి, 24 చొప్పున చూపించాం. అయిదు రెట్లు నెమ్మదించేసరికి ఆకు కదలడం కూడా పెద్ద చెట్టు కదిలినట్టుంది. ట్యూబులైటు వెలుగులో తీస్తే తెర మిణుకుమిణుకుమంది, అందుకని పదింటి ఎండలో తీశాం.

కుదుపు లేకుండా ఉండటానికి రెండు కిటికీ ఛానెళ్లు పట్టాలుగా వేసి, బేరింగుల బండికి గేలపు దారం కట్టి, డబ్బాకి చుట్టుకుంటూ లాగాం. కుర్రాడి నడక సెకనుకి నాలుగడుగులైతే, బండి సెకనుకి పదంగుళాలు పోవాలి. గేటు నుంచి మెట్ల దాకా వందంగుళాలు, పది సెకన్లు. ఇరవై రెండుసార్లు లాగితే ఒకటి కుదిరింది. బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడూ పడే కుదుపుల్ని కత్తిరించేశాం.

చూశాక మేమెవరం మాట్లాడలేదండి. బడి మళ్లీ అంత పెద్దదిగా కనపడింది, పలక పట్టుకుని మొదటిరోజు గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఉన్నంత.

ఒక్క తగాదా మిగిలింది. మెట్లు మూడా, నాలుగా? మాస్టారు మూడన్నారు, మూడే పెట్టాం. నాలుగని గట్టిగా వాదించిన మా మిత్రుడు వీడియో పూర్తయ్యేలోపే పోయాడు. వాడి మాట తప్పని తేల్చడానికి నా దగ్గర ఫొటో లేదు.

అందుకే ఒక మనవి. మీ ఇళ్లలో పాత ఫొటోలుంటే వెతకండి. మనుషుల వెనకాల ఏముందో చూడండి. ఇప్పుడు చదువుతున్న పిల్లల్లారా, ఈ కొత్త బడిని కూడా టేపు పట్టి కొలవండి, రెండంగుళాల ఎత్తు నుంచి కాదు, మీ కళ్ల ఎత్తు నుంచే తీయండి. యాభై ఏళ్ల తర్వాత ఎవరూ కళ్లు మూసుకుని చెప్పాల్సిన అవసరం రాకూడదు.

లైట్లు తీసెయ్యండి బాబూ. సెలవు.