దారిలో గడిచే గంటలు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! కొన్ని విషయాలకు సమాధానం చెప్పుకోనిదే ప్రళయదినాన దాసుని పాదాలు కదలవని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆయుష్షును దేనిలో గడిపావన్నది వాటిలో ఒకటి. ఆ ఆయుష్షులో మనం ఏ లెక్కలోనూ వేసుకోని భాగం ఒకటున్నది. అది ఇంటికీ పనికీ నడుమ దారిలో కరిగిపోయే కాలం.

మనలో కొందరు ప్రతి ఉదయం ఫలక్‌నుమాలోనో యాకుత్‌పురాలోనో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి, సికింద్రాబాదు, బేగంపేటల మీదుగా హైటెక్ సిటీకి చేరుకుంటారు. మరికొందరు బస్సులలో నిలబడి వెళతారు. రానుపోను రెండు గంటలనుకుందాం. నెలకు 25 పనిదినాలైతే 50 గంటలు, ఏడాదికి 600 గంటలు. అంటే 25 రాత్రింబవళ్ళు! రమజాన్ మాసం ఇట్టే గడిచిపోయిందని ఏటా విచారిస్తాము. దాదాపు అంత కాలం దారిలో జారిపోతే మాత్రం మనకు చీమ కుట్టినట్లయినా ఉండదు.

దివ్య ఖుర్ఆన్ 30వ భాగంలో 37 సూరాలు, 564 ఆయతులు ఉన్నాయి. రోజుకు రెండే ఆయతులు, పనికి వెళ్ళే రోజులలో మాత్రమే, వాటి అర్థంతో సహా కంఠస్థం చేసినా ఏడాది నిండకముందే ఆ భాగం పూర్తవుతుంది. ఇందుకు ప్రత్యేకంగా ఒక్క నిమిషమైనా కేటాయించనవసరం లేదు. అయితే ఫోనులో పారాయణాన్ని బిగ్గరగా పెట్టి పెట్టెలోని వారందరినీ ఇబ్బంది పెట్టడం పుణ్యమని భావించకండి. రాత్రి డ్యూటీ చేసి కునికిపాట్లు పడే సోదరుణ్ణి కూడా నిందించకండి. శరీరానికి సైతం మనపై హక్కున్నది.

వాహనం నడిపేవారి మాట వేరు. వారికి నాలుక మాత్రమే ఖాళీ. కన్నూ చెవీ దారికే చెందినవి. బాటకు హక్కులున్నాయనీ, చూపును అదుపులో ఉంచుకోవడం, ఎవరికీ హాని కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం వాటిలోనివనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. పెదవులపై ధిక్ర్, బండి మాత్రం రాంగ్ రూట్‌లో! ఇటువంటి దృశ్యాన్ని మనం చూడనిదెన్నడు?

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది నమాజు. చలికాలంలో హైదరాబాదులో ఆరు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఆఫీసు నుండి ఆరింటికి బయలుదేరినవాడు ఇల్లు చేరేసరికి మగ్రిబ్ వేళ దాటిపోతుంది. దారి పొడవునా తస్బీహ్ లెక్కించి, మగ్రిబ్‌ను పోగొట్టుకున్న ప్రయాణంలో మనం సంపాదించినదేమిటి? ఊళ్ళోనే సాగే ఈ రోజువారీ రాకపోకలు నమాజును ఖస్ర్ చేసుకోదగిన ప్రయాణం కావు. దైవప్రవక్త (సఅసం) వాహనంపై కూర్చొని, అది సాగిన దిక్కుకే నఫిల్ నమాజు చేసేవారు. ఫర్జ్ నమాజుకు మాత్రం క్రిందికి దిగి, ఖిబ్లాకు అభిముఖంగా నిలిచేవారు. కాబట్టి మగ్రిబ్ చేసిన తరువాతనే ఆఫీసు గేటు దాటండి. అది వీలుకాకుంటే నడుమ ఒక స్టేషనులో దిగి, సమీపంలోని మస్జిదులో నమాజు చేసి తరువాతి రైలు ఎక్కండి. ఒక అరగంట ఆలస్యమవుతుంది, అంతే. ట్రాఫిక్‌లో అంతకన్నా ఎక్కువ ఆలస్యాన్ని రోజూ సహిస్తూనే ఉన్నాము కదా!

రేపు వాహనమెక్కేటప్పుడు ఆ సమయపు దుఆను మరువకండి. ఈ వాహనాన్ని మనకు లోబరచిన ప్రభువును కీర్తించడం, చివరకు ఆయన సన్నిధికే మరలిపోవలసి ఉన్నదని ఒప్పుకోవడం అందులోని భావం. ఆఫీసుకు బయలుదేరే మనిషి నోట ఆ రెండవ మాట ఎందుకు ఉంచారో కిటికీ ప్రక్కన కూర్చొని కాస్త ఆలోచిద్దాము.

ఓ అల్లాహ్! మా రాకపోకలను క్షేమకరం చేయి. దారిలో మా నమాజులను కాపాడు. ఆమీన్.