చింపాంజీ తలలో పటం

అడవిలో ఒక చెట్టు కాపు అయిపోతే మరో చెట్టును వెతుక్కోవాలి. చింపాంజీ ఆ చెట్టును తిరిగి తిరిగి చేరుతుందా, గుర్తుపెట్టుకుని వెళుతుందా?

దీన్ని తేల్చడానికి ఎమిల్ మెంజెల్ అమెరికాలోని లూసియానాలో చేసిన ప్రయోగం 1973లో ప్రచురితమైంది. ఎకరం ఆవరణలో ఒకరు చింపాంజీని ఎత్తుకుని తిరుగుతుంటే, మరొకరు దాని కళ్ళెదుటే 18 చోట్ల ఆహారం దాచారు. తర్వాత, దాచడం చూడని మరో ఐదింటితో కలిపి దాన్ని వదిలారు. చూసిన చింపాంజీ నేరుగా వెళ్ళి తీసుకుంది.

"వాసన పట్టి ఉండవచ్చు కదా మాస్టారూ?" అని తరగతిలో ఎవరో ఒకరు అడగక మానరు. మంచి ప్రశ్నే. కానీ ముక్కులు మిగతా ఐదింటికీ ఉన్నాయి! 16 పరీక్షల్లో చూసినవి 200 ముక్కలు కనుగొంటే, చూడనివన్నీ కలిపి కనుగొన్నవి 17.

నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచేది అది నడిచిన దారి. దాచిన వరుసలో వెళ్ళలేదు. దగ్గరగా ఉన్నవాటిని కలుపుకుంటూ, నడక తగ్గించుకుంది. అంటే ఎక్కాలు అప్పజెప్పినట్లు వరుసను కాదు, చోట్లను గుర్తుంచుకుంది. పండ్లు, కూరగాయలు సగం సగం దాచినప్పుడు ముందు పండ్ల వైపే వెళ్ళింది. ఏది ఎక్కడుందో కూడా తెలుసన్నమాట!

ఇది ఆవరణలో మాట. ఇక ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో ఆడ చింపాంజీలను వెంబడించిన పరిశోధన 2014లో వెలువడింది. ఉదయం అత్తిపండ్ల వంటివి తినబోయే రోజుల్లో, చెట్టు దూరమైతే మరింత ముందుగా, తరచు చీకటి ఉండగానే, చిరుతల ప్రమాదం ఉన్నా అవి గూడు వదిలేవి. ఆలస్యమైతే ఆ పండ్లను ఇతర జంతువులు ఖాళీ చేసేస్తాయి.