పెద్దవారు పడిపోకుండా కాపాడుకుందాం
(రోగుల బంధువులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



మీలో చాలామంది జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పల్లెల నుండి అమ్మనో, నాన్ననో, అత్తగారినో తీసుకొని వచ్చారు. ఈ రోజు వారి కాళ్ళ బలం గురించి నాలుగు మాటలు చెప్తాను.

ఆ మధ్య నందిగామ వైపు నుండి తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. వయసు 72. అంతకు ముందు ఏడాది దాకా మిరప కోతకు, పత్తి తీతకు వెళ్ళిన మనిషే. ఒకసారి వాకిట్లో కాలు జారింది. దెబ్బ పెద్దది కాదు. అయినా కొడుకు భయపడి, "ఇక మంచం దిగొద్దమ్మా" అన్నాడు. అన్నం, నీళ్ళు అన్నీ మంచం దగ్గరికే. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి దొడ్డికి వెళ్ళబోయి, కాళ్ళు నిలవక పడిపోయింది. "కాలు కింద పెట్టనివ్వలేదు సిస్టర్, అయినా పడింది" అని అతను ఏడ్చాడు. అతనిది ప్రేమే. కానీ కాలు కింద పెట్టనివ్వకపోవడమే కీడు చేసింది.

ఎందుకంటే, నడివయసు నుండి మన కండ కొద్దికొద్దిగా తగ్గుతుంది. 60 దాటాక ఇంకా త్వరగా తగ్గుతుంది. దీనిని డాక్టర్లు సార్కోపీనియా అంటారు. కదలకుండా ఉంటే నష్టం మరీ ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలో దాదాపు కిలో కండ పోయిందని 2007లో అమెరికాలో చూశారు.

అయితే పోయిన బలం తిరిగి వస్తుంది. 1990లో బోస్టన్‌లో 90 ఏళ్ళ ప్రాయంలో ఉన్నవారికి 8 వారాలు కాళ్ళ వ్యాయామం చేయిస్తే బలం రెట్టింపుకు మించి పెరిగింది. కనుక "ఈ వయసులో ఇంకేముంది" అనకండి.

ఇంట్లో ఇలా పరీక్షించండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకొని 5 సార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. 15 సెకన్లు దాటినా, లేవలేకపోయినా డాక్టరుగారికి చూపించండి.

మీరు చేయవలసినవి:

1. వ్యాయామం: రోజూ రెండు పూటలా కుర్చీలో నుండి లేచి కూర్చోవడం చేయించండి. 5 సార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. చేయి పట్టుకొని నడిపించండి. గుండె జబ్బు ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు ముందు డాక్టరును అడగాలి.

2. ఆహారం: చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టకండి. 50 కిలోల మనిషికి రోజుకు కనీసం 40 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. పప్పు, పాలు, శనగలు, చేపలు కూడా పెట్టండి. పళ్ళు లేనివారికి మెత్తగా చేసి పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంతే.

3. ఇల్లు: దొడ్డి దారిలో రాత్రంతా లైటు ఉంచండి. బాత్‌రూంలో తడి, పాచి లేకుండా చూడండి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ పెట్టించండి. అరిగిన చెప్పులు తీసేయండి.

4. మందులు: బీపీ బిళ్ళలు, నిద్ర బిళ్ళలతో కళ్ళు తిరగవచ్చు. అలా ఉంటే డాక్టరుకు చెప్పండి; మీ అంతట మీరు మానిపించకండి. మంచం మీద లేచి కాసేపు కూర్చున్నాకే నిలబడమనండి.

ఒకవేళ పడితే గబుక్కున లాగి లేపకండి. కాలు పొట్టిగా కనిపించినా, పాదం పక్కకు తిరిగినా, తుంటి దగ్గర నొప్పితో నిలబడలేకపోయినా ఎముక విరిగి ఉండవచ్చు. నూనె రాసి నాటు కట్టు కట్టించవద్దు. కదపకుండా 108కి ఫోన్ చేయండి.

తలిదండ్రులను గౌరవించడమంటే వారిని మంచం మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడమే కాదు. సాయంత్రం ఒక పావుగంట వారి చేయి పట్టుకొని వాకిట్లో నడవండి. మనకు నడక నేర్పింది వారే కదా!

ప్రభువు మిమ్మల్ని, మీ ఇంటి పెద్దలను దీవించును గాక.