గణిత పరిశోధనకు చోటు దొరకని మన బిడ్డలు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను. ఉన్నత గణితమును గూర్చి పలుకుటకు నాకు పాండిత్యము లేదు. అయినను, గణితమున ఎం.ఎస్సీ. ముగించి, పిహెచ్.డి.కి దరఖాస్తులు పెట్టి, అన్ని చోట్లనుండియు "చోటు లేదు" అను జవాబులే అందుకొన్న బిడ్డలు మన కుటుంబములలో కలరు. "ఇక అంగడి చూచుకొమ్మందుము", "ఇక పెండ్లి చేసెదము" అని తల్లిదండ్రులు తొందరపడుచున్నారు. అందులకే ఈ నాలుగు మాటలు.

మన బళ్ళారి సీమలోని హడగలిలో, ఒక తెలుగు కుటుంబమున, 1920లో కల్యంపూడి రాధాకృష్ణరావుగారు జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనను వారికి పరిశోధక వేతనము లభింపలేదు. ఉద్యోగార్థులై కలకత్తా వెళ్ళగా అదియు కుదరలేదు. అచ్చటనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి విని, 1941 జనవరిలో శిక్షణకై చేరిరి. 1945లో వారు ప్రకటించిన వ్యాసములోని ఫలితములు నేటికిని ప్రపంచమంతట బోధింపబడుచున్నవి. కేంబ్రిడ్జి డాక్టరేటు వచ్చినది ఆ తరువాత, 1948లో! 2001లో పద్మవిభూషణము, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొంది, ఆ యేడే నూట రెండేండ్ల వయస్సున పరమపదించిరి.

అందఱును రాధాకృష్ణరావుగారు కాజాలరు. కాని త్రోవలు అందఱికిని కలవు. మొదటిది, మరల యత్నించుట: సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్, గేట్, జాతీయ ఉన్నత గణిత మండలి పరీక్షలు కలవు. నెట్‌లో వేతనము రాకున్నను, తగిన మార్కులు వచ్చినచో కళాశాల అధ్యాపకపదవికి అర్హత లభించును. రెండవది గణాంకశాస్త్రము: రాధాకృష్ణరావుగారు చేరిన సంస్థయే ప్రవేశపరీక్ష జరిపి ఎం.స్టాట్. తరగతిలో చేర్చుకొనును. మూడవది, బీమా కంపెనీలకు కావలసిన ఆక్చువరీ పరీక్షలు. ఉద్యోగము చేయుచునే ఒక్కొక్కటిగా వ్రాయవచ్చును. నాల్గవది ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు. డిగ్రీలో ఒక పాఠ్యవిషయముగా గాని, ఎం.ఎస్సీ.లో గాని గణాంకశాస్త్రము చదువనివారికి ఇందు అర్హత లేదు, ముందే విచారించుకొనుడు. ఐదవది బి.ఎడ్.; మంచి లెక్కల ఉపాధ్యాయుడు ఏ యూరికైనను భాగ్యమే.

విద్యార్థులారా! మీ గురువులను సమీపించి, లోపము పరీక్షలోనా, దరఖాస్తులోనా, ఎన్నుకొన్న శాఖలోనా అని నిర్మొగమాటముగా అడుగుడు. ఒక సంతలో అమ్ముడుపోని సరకును వర్తకుడు పాఱవేయడు. మఱొక సంతకు కొనిపోవును.

తల్లిదండ్రులారా! కుమారునకైనను, కుమార్తెకైనను ఒక్క యేడాది గడువిండు. బాకీదారునకు ఇచ్చెడి గడువు కన్నబిడ్డకు ఈయలేమా?