వ్యాధి పాకే దారి – మనం అడగాల్సిన ప్రశ్నలు



రొమ్ము క్యాన్సర్ ఒంట్లో ఎలా పాకుతుందన్నది డాక్టర్లు చూసుకోవాల్సిన సంగతి అనుకుంటాం. కానీ స్త్రీ శరీరాన్ని ఎంత కోయాలో దాన్నిబట్టే నిర్ణయించారు. అందుకే ఇది హక్కుల విషయం అంటున్నాను.

గడ్డ నుంచి క్యాన్సర్ చుట్టూ వరసగా పాకుతుందని అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ నమ్మాడు. 1894లో ఆయన వివరించిన ఆపరేషన్‌లో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు తీసేసేవారు. దశాబ్దాలపాటు అదే పద్ధతి. మత్తులో ఉండగానే గడ్డను పరీక్షించి, మెలకువ వచ్చేలోగా రొమ్ము తీసేసేవారు. 1974లో తనకే గడ్డ వచ్చినప్పుడు జర్నలిస్టు రోజ్ కుష్నర్ దీనికి ఒప్పుకోలేదు. పరీక్ష తర్వాత ఆలోచించుకునే హక్కు కోసం పోరాడింది.

నిజానికి క్యాన్సర్ కణాలు లింఫు నాళాల గుండా చంక గ్రంథులకు, రక్తం గుండా ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు చేరతాయి. ఈ ప్రయాణం ముందే మొదలై ఉండొచ్చు కాబట్టి ఎక్కువ కోస్తే ఎక్కువ బతుకుతారన్నది నిజం కాదని బెర్నార్డ్ ఫిషర్ అన్నాడు. 2002లో వచ్చిన ఇరవై ఏళ్ల ఫలితాలు అదే చెప్పాయి. గడ్డ మరీ పెద్దది కానప్పుడు, దాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా ఆయుష్షులో తేడా లేదు.

కానీ రేడియేషన్‌కు వారాల తరబడి తిరగాలి. దగ్గర్లో యంత్రం లేని కూలి స్త్రీకి, రొమ్ము తీయించుకోవడం ఆమె ఎంపికేనని ఎలా అంటాం?

సంతకం పెట్టేముందు అడుగుదాం: ఎంతవరకు పాకింది? ఏ పరీక్షలో తెలిసింది? రొమ్ము నిలుపుకునే వీలుందా? జవాబు మన భాషలో, మనకే చెప్పాలి. ఆ రేడియేషన్ యంత్రం ప్రతి స్త్రీకీ అందుబాటులో ఉండాలని కూడా అడుగుదాం.