‘ప్రిజంప్షన్’ అనే మాట, మాతృభాష గడి



ఇంగ్లీషులో ‘అజంప్షన్’, ‘ప్రిజంప్షన్’ అని రెండు మాటలున్నాయి. మనం రెండింటినీ ‘ఊహ’ అనేస్తాం. ఆధారం లేకపోయినా ఒక సంగతిని ఉన్నదనుకోవడం అజంప్షన్. ఎదురు రుజువు వచ్చేవరకు దానిని నిజమని స్వీకరించడం ప్రిజంప్షన్. తర్కశాస్త్రంలో పొగను బట్టి నిప్పును గ్రహించడం ‘అనుమానం’. వాడుక తెలుగులో ఆ మాట సందేహమై కూర్చున్నది కనుక దాని జోలికి పోను.

1872 నాటి సాక్ష్య చట్టం ఈ ఊహకు మూడు మెట్లు కట్టింది. 2024 జూలై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అవే ఉన్నాయి. న్యాయస్థానం ఊహించవచ్చు అన్నది మొదటిది. ఊహించి తీరాలి, కాని ఎదుటివారు కాదని రుజువు చేయవచ్చు అన్నది రెండవది. ఎదురు సాక్ష్యానికి తావే లేనిది మూడవది. ప్రభుత్వోద్యోగి చేసిన పని సక్రమంగానే జరిగి ఉంటుందన్న ఊహ మొదటి మెట్టుకు చెందుతుంది.

మనకు చిక్కు అక్కడే. బడిలో చేర్చుకునే గుమాస్తా ఊరి పేరు చూచి మాతృభాష గడిలో రాష్ట్రభాష వ్రాస్తాడు. అది కేవలం అతని అజంప్షన్. పదేళ్ళు గడిచేసరికి ఆ రిజిస్టరే ప్రిజంప్షన్ బలంతో మన మీదికి వస్తుంది. “ఇక్కడ ఎటూ ఆ భాషే కదా, ఏది వ్రాస్తేనేమి” అనే తల్లిదండ్రులూ ఉన్నారు. నాకు గుమాస్తా కంటె వీరే ఎక్కువ బాధ కలిగిస్తారు. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఉంటే ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ఆ పదిమందిని లెక్కించేటప్పుడు చూచేది ఈ గడినే.

అయితే ఇది తిరుగులేని ఊహ కాదు. రాజ్యాంగం 350ఎ అధికరణంలోని ‘మాతృభాష’ అంటే ఆ రాష్ట్రంలోని భాషా అల్పసంఖ్యాకుల భాష అని, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసినది తల్లిదండ్రులు లేదా సంరక్షకులేనని, కర్ణాటక వ్యాజ్యంలో 2014 మే 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. జనగణన నిర్వచనం కూడా మనకు అండగానే ఉన్నది: బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష. ఊరి పేరుకు గాని, గణకుని ఊహకు గాని అందులో చోటు లేదు.

కాబట్టి పిల్లవానిని చేర్చే రోజుననే ఆ గడి చదవండి. తప్పుంటే సవరించమని రెండు ప్రతులలో అర్జీ వ్రాసి, ఒకటి బడిలో ఇచ్చి, రెండవదానిపై తేదీతో ముద్ర వేయించుకొని రేషన్ కార్డుతో పాటు దాచండి.